కొల్లేటి ఐదో కాంటూరు: ఒక గీత చుట్టూ చరిత్ర, చట్టం, డబ్బు

వానాకాలం ముదిరాక ఏలూరు, కైకలూరు ప్రాంతాల వార్తల్లో ఒక అంకె తరచుగా కనిపిస్తుంది. పెదయడ్లగాడి వంతెన దగ్గర కొల్లేటి నీటిమట్టం ఎంత ఉందో చెప్పే అంకె అది. ఆ వంతెన దాటిన నీరు ఉప్పుటేరులో పడి సముద్రం దారి పడుతుంది కనుక, అక్కడ మట్టం ఒక్క అడుగు పెరిగినా సరస్సు లోపలి లంక గ్రామాల రోడ్లు మునిగాయా, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లే దారి తెగిందా అని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఆరా తీస్తారు. నదికైతే అడుగు పెద్ద లెక్క కాదు. కొల్లేటి సంగతి వేరు, ఎందుకంటే ఈ సరస్సు పైకి పెరగడం తక్కువ, పక్కలకు పరుచుకోవడం ఎక్కువ. సముద్ర మట్టానికి మూడు అడుగుల ఎత్తు వరకు నీరు నిలిస్తే దాని విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. ఐదు అడుగులకు 308, ఏడు అడుగులకు 675, పది అడుగులకు 901.

ఈ నాలుగు అంకెల్లో ఏది కొల్లేరు? 1999లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 120 ద్వారా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది ఐదు అడుగుల గీత లోపలి భాగాన్ని. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా నమోదైంది పది అడుగుల గీత లోపలి 90,100 హెక్టార్లు. 2008లో శాసనసభ ఆ అభయారణ్యాన్ని మూడు అడుగుల గీతకు కుదించాలని తీర్మానం చేసింది. ఒకే నీటికి మూడు హద్దులు. లంక గ్రామాల్లో టీకొట్టు దగ్గర కూడా ‘ఐదో కాంటూరు’, ‘మూడో కాంటూరు’ అనే మాటలు వినిపించడానికి కారణం ఇదే. కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద గీసే గీత, ఐదో కాంటూరు అంటే ఐదు అడుగుల గీత. సర్వే శాఖ పటాల్లో ఉండవలసిన ఆ సాంకేతిక పదం జనం నోట నానుతున్నదంటే, ఆ గీతకు ఏ వైపున ఉన్నామన్న దాన్ని బట్టి వాళ్ల బతుకు మారుతున్నదని అర్థం.

పర్యావరణ పరిరక్షణ విధానాన్ని శాస్త్రవేత్తలు నిర్ణయిస్తారని, రాజకీయ నాయకులు చెడగొడతారని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. కొల్లేటి కథను దగ్గరగా చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఆ గీత ఎక్కడ పడాలన్నది ఆ నేల మీద గతంలో జరిగిన పనులు, గీత గీసే నాటికి చేతికి అందిన చట్టం, గీతకు అటూ ఇటూ చేతులు మారే డబ్బు కలిసి తేల్చిన విషయం. మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసి చూసినా మిగిలిన రెండూ అర్థం కావు.

ముందు నేల సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మిగిలిపోయిన పల్లం కొల్లేరు. రెండు నదులూ తమ ఒండ్రుతో సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోతే నడుమ నిలిచిన పళ్లెం లాంటి జాగా ఇది. మెట్ట ప్రాంతాల నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి ఇందులో కలుస్తాయి. బయటికి పోవడానికి దారి మాత్రం ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పోయే ఉప్పుటేరు. వాలు తక్కువ కాబట్టి వచ్చినంత వేగంగా నీరు పోలేదు. శ్రావణ భాద్రపదాల్లో వచ్చిన వరదను పట్టి ఉంచి, నెలల తరబడి నెమ్మదిగా వదలడం ఈ పళ్లెం చేసే పని. ఎండాకాలానికి అంచులు ఆరిపోయి నేల బయటపడుతుంది. ఆ నేలలో వేసవిలో వరి వేసేవారు, వానలు పడ్డాక అదే నేల మీద తాటి దోనెల్లో తిరుగుతూ వెదురుతో అల్లిన మావులనే ఉచ్చులు వేసి కొర్రమీను, మట్టగిడస, జెల్ల పట్టేవారు. చైత్రంలో పొలం, శ్రావణంలో సరస్సు. అక్కడి చేపలు పట్టే వడ్డి కులస్థులకూ, చుట్టుపక్కల రైతులకూ ఇందులో వింత ఏమీ లేదు.

చిక్కంతా రికార్డుల్లో మొదలైంది. రెవెన్యూ పుస్తకంలో ప్రతి సర్వే నంబరుకూ ఒక్క వర్గీకరణే ఉండాలి. ఏడాదిలో ఆరు నెలలు నీరూ ఆరు నెలలు నేలా అయిన చోటుకు ఆ పుస్తకంలో గడి లేదు. కొన్ని ముక్కలు జిరాయితీ పట్టాలు, అంటే సొంత భూములు, అయ్యాయి, కొన్ని ప్రభుత్వ బంజరుగా మిగిలాయి, కొన్నింటిని తరువాతి కాలంలో పేదలకు డీ ఫారం పట్టాలుగా ఇచ్చారు. కాగితం మీద అవన్నీ భూములే. కొల్లేటి ‘ఆక్రమణల’ గురించి ఆవేశంగా మాట్లాడే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ పట్టా చేతిలో పట్టుకుని సరస్సు గర్భంలో ఉన్న కుటుంబాలు ఉన్నాయి, ఆ పట్టా ఇచ్చింది ప్రభుత్వమే.

19వ శతాబ్దపు ఆనకట్టలు ఈ పళ్లేన్ని మరో రకంగా మార్చాయి. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాక రెండు డెల్టాల కాలువలు విస్తరించాయి. వాటి కింద పండే వరి చేల మురుగు నీటికి కొల్లేరే పల్లం. దాంతో వానాకాలపు వరద ఒక్కటే వచ్చే చోటికి ఏడాదిలో ఎక్కువ కాలం చేలు వదిలిన నీరు, దానితో పాటు ఒండ్రు, తరువాతి కాలంలో ఎరువులూ పురుగుమందులూ చేరడం మొదలైంది. గుర్రపుడెక్క, కిక్కిస లాంటి కలుపు మొక్కలు దట్టంగా అల్లుకున్నాయి. 1946లో పక్షి శాస్త్రవేత్త నీలకంఠన్ పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామం దగ్గర చెట్ల మీద గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టడం చూసి ప్రపంచానికి తెలియజేశారు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఆ గూళ్లు ఖాళీ అయ్యాయి. నేడు కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు గూడు కట్టేది ఎక్కువగా మనుషులు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద. చేపల చెరువులు పక్షిని తరిమేశాయని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ నడుమ దశాబ్దాల పాటు జరిగిన మార్పు కనిపించకుండా పోతుంది.

సరస్సు అంచుల్లో వరి సాగు పెరిగే కొద్దీ గట్లు లేచాయి, వరద వచ్చిన ప్రతిసారీ చేలు మునిగాయి. 1960ల్లో ఈ రెండు డెల్టాల ముంపు మీద మిత్రా కమిటీ అధ్యయనం చేయవలసి వచ్చింది. చివరికి 1970ల మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ప్రభుత్వమే ఒక పరిష్కారం ఆలోచించింది. మునిగిపోయే వరి కన్నా నీటిలో పెరిగే చేప నయం కదా అని, మత్స్యకారులతోనూ దళిత కుటుంబాలతోనూ సహకార సంఘాలు పెట్టించి, సరస్సు భూముల్లో చేపల చెరువులు తవ్వించి, అప్పులు ఇప్పించింది. దాన్ని పేదరిక నిర్మూలన పథకంగానే చూడాలి. ఆ కాలపు లెక్కలో అది తప్పు కూడా కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1976లో, 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 48ఏ అధికరణం వచ్చింది, పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను కాపాడడం రాజ్యం బాధ్యత అని అది చెప్పింది. ఢిల్లీలో ఆ వాక్యం రాస్తున్న రోజులకూ, కొల్లేటిలో సర్కారు చెరువులు తవ్విస్తున్న రోజులకూ దూరం లేదు. ఒక చేత్తో కాపాడమని, మరో చేత్తో తవ్వమని చెప్పింది ఒకే రాజ్యవ్యవస్థ.

ఇక డబ్బు. సంఘం పేరున ఉన్న చెరువులో చేప పెంచాలంటే ఏమేం కావాలో చూడండి. గట్లు పటిష్ఠం చేయాలి, మోటార్లు పెట్టాలి, బొచ్చె, శీలావతి పిల్లలు కొనాలి, నెలల తరబడి తవుడూ చెక్కా మేతగా వేయాలి, రోగమొస్తే మందులు వాడాలి, పట్టుబడి రోజున ఐసు, ట్రేలు, లారీ సిద్ధంగా ఉండాలి. చేప హౌరాకో అస్సాంకో చేరి అమ్ముడయ్యే దాకా పెట్టుబడి తిరిగి రాదు. రోజు కూలితో బతికే సంఘ సభ్యుడికి ఆ పెట్టుబడి లేదు, ఏడాది పాటు ఎదురుచూసే ఓపిక అతని పొయ్యికి లేదు. అందువల్ల సంఘాలు చెరువులను లీజుకు ఇచ్చాయి. లీజు సొమ్ములో సభ్యుడికి ఏటా కొంత వాటా దక్కింది, అసలు లాభం పెట్టుబడి పెట్టగలిగిన వారికి చేరింది. చెరువుల మీద చెరువులు వచ్చాయి. పేదల పేరున ఉన్న కాగితం వెనుక పెద్దల పెట్టుబడి నడిచింది. దీన్ని అక్రమం అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. భూమి హక్కు ఇచ్చి పెట్టుబడి ఇవ్వకపోతే ఆ హక్కు ఎటు జారుతుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం పెద్దగా చదవనక్కరలేదు.

ఇక్కడే ఆర్థికశాస్త్రంలోని ఒక ముఖ్యమైన సూత్రం కొల్లేటిలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. చెరువు వల్ల లాభం గట్టు లోపల ఉంటుంది, నష్టం గట్టు బయట పడుతుంది. ఐదో కాంటూరుకూ మూడో కాంటూరుకూ మధ్య ఉన్న వలయం 173 చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క అడుగు నీరు నిలిచినా 5 కోట్ల 27 లక్షల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 1.86 టీఎంసీలు. ఆ వలయమంతా గట్లతో నిండిపోతే ఆ నీటికి అక్కడ చోటు ఉండదు, అడుగు అడుగుకీ అంత నీరు మరో చోట మనుషుల ఇళ్ల మీదో చేల మీదో నిలవాలి. గట్టు కట్టినవాడి ఖాతా పుస్తకంలో ఈ ఖర్చు రాయడానికి గడి లేదు. మునిగిన ఊరివాడికి ఎవరి మీద బిల్లు వేయాలో తెలియదు. ఎండాకాలంలో మంచినీటి ఒత్తిడి తగ్గి ఉప్పుటేరు గుండా పైకి ఎగదన్నే ఉప్పునీటి నష్టం కూడా ఇలాగే ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది. మావు వేసుకుని నాటు చేప పట్టుకునే కుటుంబం పోగొట్టుకున్న కూర అసలు మార్కెట్టుకే రాలేదు కనుక ఏ గణాంకంలోనూ లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఈ విషయం అందరికీ మళ్లీ గుర్తొచ్చింది. ఆ విపత్తుకు తక్షణ కారణాలు అసాధారణ వర్షం, బుడమేరు మళ్లింపు కాలువకు పడ్డ గండ్లు. సింగ్‌నగర్ మునిగింది ఆ గండ్ల వల్ల. కాని పైన పడ్డ నీరంతా చివరికి చేరవలసింది కొల్లేటికే, అది ఎంత త్వరగా ఖాళీ అవుతుందన్నది కింద పళ్లెంలో ఉన్న చోటు మీద, ఉప్పుటేరు మోయగలిగిన దాని మీద ఆధారపడి ఉంటుంది. విజయవాడ ఇంటి యజమానికి, కైకలూరు చేపల చెరువుకు మధ్య ఇలాంటి లావాదేవీ ఒకటి నడుస్తున్నది, ఇద్దరికీ తెలియకుండానే.

చట్టం ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది, వచ్చాక మాత్రం గట్టిగా వచ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు వరసగా మూడు రోజుల్లో ఇచ్చిన మూడు తీర్పులు మన దేశంలో పరిరక్షణ చట్టాన్ని మలుపు తిప్పాయి. 11వ తేదీన జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల చెరువులను కట్టడి చేసింది, చిలికా, పులికాట్ సరస్సుల నుంచి వెయ్యి మీటర్ల లోపల అలాంటి పెంపకం కూడదన్నది. 12న గోదావర్మన్ కేసులో అడవి అనే మాటకు నిఘంటువు అర్థం తీసుకోవాలని చెప్పింది. 13న కమల్‌నాథ్ కేసులో నదులు, తీరాలు, నీటి వనరుల వంటి వాటికి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని, వాటిని ప్రైవేటు వారికి ధారాదత్తం చేయకూడదని ప్రకటించింది. కొల్లేటి చెరువులు మంచినీటివి కనుక జగన్నాథ్ తీర్పు వాటిని నేరుగా తాకలేదు. గోదావర్మన్ కేసు మాత్రం తాకింది. ఆ కేసు నుంచే 2002లో కోర్టుకు సిఫారసులు చేసే కేంద్ర సాధికార కమిటీ పుట్టింది, ఆ కమిటీ సిఫారసుల మీదే తరువాత కొల్లేటిలో పొక్లెయిన్లు దిగాయి.

చిత్తడి నేలల కోసం ప్రత్యేక నిబంధనలు దేశంలో 2010 దాకా రాలేదు. 1999లో కొల్లేటిని కాపాడాలనుకున్న ప్రభుత్వం చేతిలో పదునున్న చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒక్కటే. అది జంతువులనూ పక్షులనూ, వాటి ఆవాసాలనూ కాపాడడానికి రాసిన చట్టం. దాంతో వరదను ఆపే పళ్లెం, లక్షల మందికి తిండి పెట్టే జలాశయం కాస్తా కాగితం మీద ‘పక్షుల అభయారణ్యం’ అయింది. బాధ్యత అటవీ శాఖకు వెళ్లింది. చెట్టు దాదాపు లేని చోట అటవీ అధికారి యజమాని అయ్యాడు, తరాలుగా నీటి మీద బతికినవాడు అనుమతి అడగవలసినవాడయ్యాడు. జీవో సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టుకోవడాన్ని ఒప్పుకున్నా, కొల్లేరు అంటే పక్షులు, పక్షులకు అడ్డు మనుషులు అనే భావన అప్పటి నుంచి పాతుకుపోయింది. మనం ఎంచుకునే చట్టం ఒక ప్రాంతాన్ని కాపాడడమే కాక, ఆ ప్రాంతం దేనికోసం ఉన్నదో కూడా మనకు చెప్పేస్తుంది.

ఆ చట్టంలోనే మరొక మాట ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అభయారణ్యం ప్రకటించాలనుకున్న చోట ఎవరికి ఏ హక్కులున్నాయో కలెక్టరు విచారించి, వాటిని కొనాలో కొనసాగనివ్వాలో తేల్చాలని 19 నుంచి 25 వరకు సెక్షన్లు చెబుతాయి. ఐదో కాంటూరు లోపల ఉన్న సుమారు 76 వేల ఎకరాల్లో 14 వేల ఎకరాలకు పైగా జిరాయితీ భూమి. అభయారణ్యంలో ఐదో వంతుకు కాస్త తక్కువ. ఆ పట్టాదారులకు పరిహారం ఇచ్చి భూమి తీసుకోవడం గాని, ఏం చేసుకోవచ్చో స్పష్టంగా చెప్పడం గాని పూర్తి కాలేదు. భూమి పేరు మీద ఉంది, వాడుకోవడానికి లేదు, అమ్ముకుంటే కొనేవాడు లేడు. కొల్లేటిలో పరిరక్షణ మీద పుట్టిన కోపంలో పెద్ద భాగం ఈ అసంపూర్ణ విచారణ నుంచి పుట్టిందేనని నా అభిప్రాయం.

2006లో ఊపందుకున్న ‘ఆపరేషన్ కొల్లేరు’లో వేల ఎకరాల చెరువుల గట్లు కొట్టేశారు. లీజుదారులు తమ పెట్టుబడిని మరో మండలానికి తరలించుకోగలిగారు. ఏటా వచ్చే లీజు వాటా మీద, చెరువు కాపలా మీద, పట్టుబడి కూలి మీద ఆధారపడిన సంఘ సభ్యులకు వెళ్లడానికి మరో చోటు లేదు. గట్టు పోయినంత మాత్రాన పాత నాటు చేపల వేట తిరిగి రాలేదు, ఎందుకంటే నీటి నాణ్యత, డెక్క, ఉప్పుటేరు పూడిక అలాగే ఉన్నాయి. కొన్నేళ్లలో చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఒక దశాబ్దంలో సర్కారు సొమ్ముతో తవ్వి, మరో దశాబ్దంలో సర్కారు సొమ్ముతోనే కొట్టేసిన చెరువును ఇంకో దశాబ్దంలో ప్రైవేటు సొమ్ముతో తిరిగి కట్టారంటే, ఆ నేల మీద లాభం ఎక్కడ ఉన్నదో విధానం ఎప్పుడూ మార్చలేదన్న మాట.

మూడో కాంటూరు డిమాండు ఈ అసంతృప్తి మీద పెరిగింది. 2008 తీర్మానం తరువాత కేంద్రం ఆచార్య అజీజ్ నాయకత్వంలో నిపుణుల కమిటీ వేసింది. హద్దు ఐదు అడుగుల దగ్గరే ఉండాలని ఆ కమిటీ చెప్పింది, అదే సమయంలో ప్రైవేటు భూముల సమస్యను పరిష్కరించమని కూడా చెప్పింది. మొదటి సగాన్ని పర్యావరణ వాదులు జెండాలా పట్టుకున్నారు. రెండో సగాన్ని ఎవరూ అంత ఇష్టంగా పట్టుకోలేదు, దానికి డబ్బు కావాలి కనుక. అసలు రాష్ట్ర శాసనసభ కోరినంత మాత్రాన గీత జరగదు. వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా అభయారణ్యం హద్దు మార్చకూడదు, 2000 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల ఆ కోర్టు అనుమతి కూడా కావాలి. ఈ సంగతి తెలిసీ ఎన్నికల ముందు మూడో కాంటూరు హామీ ఇవ్వడం లంక గ్రామాల ప్రజలకు న్యాయం చేయడం కాదు.

మన చట్టంలో అడవికి చిత్తడి నేల కన్నా మెరుగైన స్థానం ఉంది, పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అడవి భూమిని గనికో ఆనకట్టకో మళ్లిస్తే నికర ప్రస్తుత విలువ పేరుతో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు చెల్లించాలని సుప్రీంకోర్టు 2008లో రేట్లు ఖరారు చేసింది. ఆ లెక్కలో లోపాలు ఉన్నాయి, డబ్బు కట్టి అడవి కొట్టవచ్చన్న ధోరణి కూడా దాని వల్ల పెరిగింది. అయినా అడవి చేసే పనికి ఒక విలువ ఉందని ఒప్పుకోవడం అక్కడ జరిగింది. వరదను పట్టి ఉంచే పళ్లేనికి, అది ఆపిన ప్రతి టీఎంసీకి విలువ కట్టి, ఆ విలువలో కొంత ఆ నేల పట్టాదారుకు చేరే ఏర్పాటు మనకు లేదు.

ఒడిశాలోని చిలికా సరస్సు ఈ విషయంలో కొంత దారి చూపింది. అక్కడ 1990ల్లో ఒక ప్రత్యేక అభివృద్ధి సంస్థ ఏర్పడింది, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు, ఉప్పు మంచినీళ్ల సమతూకం కుదిరి చేపల దిగుబడి పెరిగింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి 2002లో దాని పేరు తొలగింది. చిలికాలో నీరు బాగుపడితే జాలరికి ఆ సీజన్‌లోనే ఫలితం కనిపించింది. కొల్లేటిలో గట్టు పోతే సంఘ సభ్యుడికి కనిపించింది లీజు వాటా ఆగిపోవడం ఒక్కటే.

నా మట్టుకు నేను ఐదో కాంటూరు నిలవాలనే వాడిని. కాని పని మొదలవ్వాల్సింది గట్ల దగ్గర కాదనిపిస్తుంది. 25 ఏళ్లుగా పెండింగులో ఉన్న హక్కుల విచారణను పూర్తి చేసి, జిరాయితీ భూమిని ధర కట్టి కొనడమో, వరద నీరు నిలబడనిచ్చినందుకు ఏటా కౌలు చెల్లించడమో చేయాలి. ఉప్పుటేరు ముఖం దగ్గర, బుడమేరు, తమ్మిలేరు దిగే చోట్ల అడ్డున్న గట్లను అన్నిటికంటే ముందు తీయాలి, ఎందుకంటే అక్కడ ఒక్క ఎకరం తీస్తే కలిగే ప్రయోజనం లోపలి వలయంలో పదెకరాలు తీసినా కలగదు. సంఘ సభ్యుల పేరున నాటు చేపల వేట హక్కును రాతపూర్వకంగా నమోదు చేసి, ఆ హక్కును లీజుకు ఇవ్వడానికి వీలు లేకుండా కట్టుదిట్టం చేయాలి. ఇవన్నీ చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, 19వ సెక్షన్ కింద ఇన్నాళ్లూ ఆగిపోయిన విచారణను కలెక్టరు తిరిగి మొదలుపెడితే మొదటి అడుగు పడుతుంది.